ఘాట్ రోడ్డు బండ పొరలు, మ్యాచింగ్ సెంటర్ గుడ్డలు: మొదటి క్విల్ట్ పని డైరీ

ఏం కుడుతున్నానో ముందే చెప్పేస్తే కింది లెక్కలు తేలిగ్గా అర్థమవుతాయి. క్విల్ట్ అంటే మన బొంతలాంటి దుప్పటి. నాది వెడల్పు 48 అంగుళాలు, పొడవు 60. పైన ప్లెయిన్ రంగుల కాటన్ ముక్కలు, నడుమ ఒక మెత్త, అడుగున పాత సింగిల్ కాట్ దుప్పటి. ఈ మూడు పొరల్నీ కలిపి మోటారు మిషను మీద కుట్టాలి. తిరుపతిలో ఈ పని నేర్పేవాళ్ళెవరూ నాకు కనబడలేదు. జాకెట్లు కుడతాను, ఫాల్స్ వేస్తాను. చేతిలో ఉన్న విద్య అంతే.

డిజైన్ తిరుమల ఘాట్ రోడ్డు నుంచి తీసుకున్నా. అక్కడ అడుగున గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా నగరి క్వార్ట్‌జైటు కనిపిస్తాయి. రెంటికీ నడుమ పదుల కోట్ల ఏళ్ళ విరామం ఉంది. ఆ గీతను భూగర్భ శాస్త్రవేత్తలు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు, జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు కూడా. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళు రోజూ చూసేదే. నా క్విల్ట్‌లో కింది 24 అంగుళాలు ఒకే బూడిద రంగు, పై 36 అంగుళాలు అడ్డ పట్టీలు. త్రికోణాలు పెట్టుకోలేదు. గుడ్డను ఐమూలగా కోస్తే అంచు సాగుతుంది, కొత్త చేతికి అది తలనొప్పి.

దశ 1: గుడ్డ

మోడరన్ క్విల్టింగ్‌లో పూల ప్రింట్ల కంటే ప్లెయిన్ రంగులకే పెద్దపీట. బొమ్మ తక్కువ, ఖాళీ జాగా ఎక్కువ. 2009లో లాస్ ఏంజిలస్‌లో మొదలైన మోడరన్ క్విల్ట్ గిల్డ్ ఈ తరహా కుట్టేవాళ్ళను ఒకచోట చేర్చింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి ఆడవాళ్ళు అరిగిన పని బట్టలు చింపి, కొలబద్ద జోలికి పోకుండా ఇలాంటివే కుట్టారు. 2002లో హ్యూస్టన్‌లో వాటిని ప్రదర్శనకు పెడితే లోకం నోరు వెళ్ళబెట్టింది.

ప్లెయిన్ రంగుల కోసం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. గాంధీ రోడ్డులో ఏ మ్యాచింగ్ సెంటర్‌లో చూసినా గోడ నిండా షేడ్లే. కౌంటర్ దగ్గర అబ్బాయి "ఏ చీరకక్కా?" అన్నాడు. ఫోన్‌లో ఫోటో చూపించా. "బండకు మ్యాచింగా!" అని నవ్వాడు గానీ, నాలుగు బూడిద రంగు తానులు వాకిట్లోకి తెచ్చి ఎండ వెలుతురులో పరిచాడు. లోపలి ట్యూబులైటు కింద ఒకేలా కనబడిన రెండు షేడ్లలో ఒకటి బయట పచ్చగా తేలింది. రంగు ఎప్పుడూ వాకిట్లోనే చూడండి.

మీటర్లకు మీటర్లు కొనకముందు మూడు రకాలు కొంచెం కొంచెం తెచ్చి పరీక్ష పెట్టా.

1. ఒక్కో రకంలో 10 × 10 అంగుళాల చదరం కోసి, పడుగు (తాను పొడవునా పోయే పోగులు) వైపు బాణం గుర్తు పెట్టాలి.
2. ఒక పోగు తీసి అంటించాలి. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిదైతే కాటన్. కరిగి గట్టి పూస కడితే పాలియెస్టర్ కలిసిందని లెక్క.
3. గోరువెచ్చటి నీళ్ళలో ఉతికి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ కొలవాలి.
4. తడి గుడ్డ మీద తెల్ల గుడ్డ పెట్టి వేడి ఇస్త్రీ పెట్టె నొక్కాలి. తెల్ల గుడ్డకు రంగంటితే ఆ షేడ్ పక్కన పెట్టేయాలి.

ఫలితాలు: లైనింగ్ కాటన్ పడుగు వైపు 9 3/8కి దిగింది. పైగా పల్చన, కుట్టు మార్జిన్ బయటికి కనిపిస్తుంది. నేను తెచ్చిన టూ బై టూ జాకెట్టు గుడ్డ అసలు తగ్గలేదు. అంటిస్తే పూస కట్టింది. ఇస్త్రీ మడత దాంట్లో నిలవదు, వదిలేస్తే లేచి కూర్చుంటుంది. పాప్లిన్ 9 5/8 వచ్చింది. మడత పెడితే పెట్టినట్టే ఉంది. పాప్లినే ఖాయం చేశా.

రంగు పరీక్షలో మెరూన్ ఓడిపోయింది. బకెట్లు మార్చి మార్చి ఉతికినా నీళ్ళు గులాబీగానే వస్తున్నాయి. ఉప్పు వేస్తే నిలుస్తుందని ఇంట్లో అందరూ అన్నారు. ఉప్పు అద్దకం వేళ పనికొస్తుంది గానీ, అమ్మకానికి వచ్చిన గుడ్డలో వదులుగా మిగిలిన రంగును పట్టి ఉంచలేదు. మెరూన్ తీసేసి బిస్కెట్ రంగు తెచ్చా. చివరి జాబితా: మీగడ, గంధం, బిస్కెట్, లేత గులాబీ, తుప్పు, ఇటుక. గ్రానైటుకు బూడిద.

గుడ్డ పన్నా 36. ఉతికి, రెండు వైపులా నేత అంచు తీసేస్తే చేతికి వచ్చేది 34.5 అంగుళాలు. ఆరు రంగులూ అర మీటరు చొప్పున 3 మీటర్లు, బూడిద రంగు 2 మీటర్లు తీసుకున్నా.

ఖర్చు: పరీక్ష ముక్కలు రూ. 70, పాప్లిన్ 5 మీటర్లు రూ. 450. ఇప్పటిదాకా రూ. 520.

దశ 2: కత్తిరింపు

జాకెట్టు కత్తెరతో పొడవాటి పట్టీ కోస్తే ప్రతి కోతకూ ఒక మెట్టు పడుతుంది. చంకలో అయితే ఎవరికీ కనిపించదు. ఇక్కడ 48 అంగుళాల పొడవునా కనిపిస్తుంది. అందుకని రోటరీ కట్టర్, కోసేటప్పుడు గుడ్డ కింద పరిచే చాప, అక్రిలిక్ స్కేలు మూడూ కొనక తప్పలేదు. ఈ చక్రం కత్తిని 1979లో జపాన్ కంపెనీ ఓల్ఫా తెచ్చింది. నాది 45 మిల్లీమీటర్ల చక్రం.

చాపను మేడ మీది గదిలో గోడకు ఆనించి పెడితే మన ఎండాకాలానికి అది నడుమ ఉబ్బింది. ఉబ్బిన చోట స్కేలు ఊగుతుంది, పట్టీ వంకర పోతుంది. ఎండలో వెచ్చబడిన నేల మీద చదునుగా పరిచి, పైన బియ్యం మూటలు పెట్టి, నీడ వచ్చాక అలాగే చల్లారనిస్తే సర్దుకుంది. ఇప్పుడు మంచం పరుపు కిందే దాని చోటు.

రెండో ఇబ్బంది: పట్టీల మీద అక్కడక్కడా రెండు మూడు పోగులు తెగకుండా మిగులుతున్నాయి. చెయ్యి బలం చాలడం లేదేమో అని ఇంకా గట్టిగా నొక్కితే చాపకు గాట్లు పడ్డాయే తప్ప పోగులు తెగలేదు. తెగని చోట్ల మధ్య దూరం కొలిస్తే ప్రతిసారీ 5 1/2 అంగుళాలు. 45 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టు తిరిగితే 141 మిల్లీమీటర్లు, అంటే అదే దూరం. బ్లేడుకు ఒకే చోట గాటుందన్నమాట. పిన్నీసు మీద నుంచి పోయినట్టుంది. డబ్బాలో వచ్చిన రెండో బ్లేడు వేశాక పోగులు మిగల్లేదు. మీకూ ఇలా అయితే ముందు టేపు తీయండి. దూరాలు సమానంగా ఉంటే తప్పు బ్లేడుది, ఎక్కువ తక్కువలుంటే స్కేలు జరుగుతోందని అర్థం.

ఒక్కో రంగులో కోసినవి:

1. 3.5 అంగుళాల వెడల్పువి రెండు
2. 2.5 అంగుళాలవి రెండు
3. 1.5 అంగుళాలవి రెండు

రెండేసి ఎందుకంటే పన్నా 34.5, కావలసిన పొడవు 48.5. రెండు ముక్కలు కలిపితే 68.5 వస్తుంది. 20 అంగుళాలు మిగులుతుంది, పారేయకండి. అతుకులన్నీ ఒకే వరసలో పడకుండా ఒక పట్టీలో ఎడమకు, ఇంకోదాంట్లో కుడికి జరిపితే బండలో నిలువు చీలికల్లాగే కనబడతాయి.

గ్రానైటు ముక్క 48.5 × 24.5. దీన్ని పడుగు వెంట కోస్తే అతుకు ఉండదు. పక్కన మిగిలిన 10 అంగుళాల వార అంచు పట్టీలకు పనికొస్తుంది.

కోసేటప్పుడు ఫ్యాన్ ఆపక తప్పదు. ఏప్రిల్‌లో ఇది శిక్షే. తెల్లవారుజామున కోసుకుంటే ప్రాణం సుఖం.

ఖర్చు: కట్టర్ రూ. 380, చాప రూ. 650, 6 × 24 స్కేలు రూ. 550. ఇప్పటిదాకా రూ. 2,100.

దశ 3: పావు అంగుళం

క్విల్టింగ్ మొత్తానికి మార్జిన్ ఒక్కటే: పావు అంగుళం. జాకెట్టులో అర అంగుళమో అంగుళమో వదిలి, తర్వాత బిగించుకుంటాం, వదులు చేసుకుంటాం. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

పరీక్ష ఇలా:

1. 1.5 అంగుళాల పట్టీలు మూడు, ఆరేసి అంగుళాల పొడవున కోయాలి.
2. పక్కపక్కన కలిపి కుట్టి, ఇస్త్రీ చేయాలి.
3. మొత్తం వెడల్పు 3.5, నడిమి పట్టీ సరిగ్గా 1 అంగుళం రావాలి.

నాకు వచ్చింది 3. నడిమి పట్టీ ముప్పావు. గుడ్డను నొక్కి పట్టే మిషను మామూలు ఫుట్ కుడి అంచుకు గుడ్డ ఆనించి కుట్టా. సూది నుంచి ఆ అంచుకు దూరం పావు కాదు, 3/8 ఉంది. ఆ కాస్త తేడాకే రెండు కుట్లలో అర అంగుళం ఎగిరిపోయింది.

సూది కింద స్కేలు పెట్టి, చక్రం చేత్తో తిప్పి సూదిని పావు అంగుళం గీత మీదికి దించా. స్కేలు అంచు వెంట ప్లేటు మీద మాస్కింగ్ టేపు అతికించా. ఒక్క పొర టేపుకు గుడ్డ ఆగదు, ఎక్కేస్తుంది. అందుకని పాత ఏటీఎం కార్డును సన్నగా కోసి టేపు పొరల మధ్య పెట్టి గట్టులా చేశా. ఈసారి 3 3/8 వచ్చింది. కొలత సరిగ్గా పావే ఉన్నా తగ్గడానికి కారణం మడత. ఇస్త్రీ చేసి తిప్పినప్పుడు గుడ్డ మందం కొంత తినేస్తుంది. గట్టును రెండు పోగుల మేర సూది వైపు జరిపితే 3.5 దిగింది.

ఇంత పట్టుదల ఎందుకో లెక్క చూడండి. 18 పట్టీలు కోసిన వెడల్పులన్నీ కూడితే 45 అంగుళాలు. నడుమ 17 కుట్లు, ఒక్కోటి అర అంగుళం తింటే 8.5 పోయి 36.5 మిగలాలి. మార్జిన్ 1/16 అంగుళం ఎక్కువైతే ఒక్కో కుట్టుకు 1/8 చొప్పున 2 1/8 అంగుళాలు అదనంగా పోతుంది. గ్రానైటు ఒకవైపు, పొరలు ఒకవైపు అయ్యే ఈ డిజైన్‌లో సరిపెట్టుకోవచ్చేమో గానీ, గళ్ళ డిజైన్‌లో ఆ తేడా దాగదు.

సూది 14 నంబరు. ముందున్న 16 నంబరు పాప్లిన్‌లో కంటికి కనిపించేంత బెజ్జాలు చేసింది. కుట్టు పొడవు 2.

దశ 4: పట్టీలు కలపడం

మొదటి ఆరు పట్టీలు ఎడమ నుంచి కుడికి, అన్నీ ఒకే దిక్కున కుట్టుకుపోయా. నేల మీద పరిచి టైల్స్ మధ్య సిమెంటు గీతకు ఆనిస్తే నడుమ 5/8 అంగుళం ఎడం. పట్టీల గుంపు విల్లులా వంగింది. కింది గుడ్డను మిషను పళ్ళు ముందుకు లాగుతాయి, పై గుడ్డను ఫుట్ వెనక్కి నొక్కుతుంది. ఆ కొంచెం తేడా ప్రతి కుట్టులో ఒకే వైపు పేరుకుంటుంది. విప్పి, ఒక కుట్టు ఎడమ నుంచి, తర్వాతది కుడి నుంచి వేసుకుంటూ పోతే ఎడం 1/8కి తగ్గింది.

టైల్స్ గీత ఉన్న ఇల్లయితే పొడవాటి కొలబద్ద కొననక్కర్లేదు.

ఇస్త్రీ విషయంలో ఒక అలవాటు మార్చుకోవాల్సి వచ్చింది. చీరకు చేసినట్టు పెట్టెను ముందుకూ వెనక్కూ జరిపితే పట్టీలు సాగుతాయి. పెట్టెను ఎత్తి, దించి, నొక్కి, మళ్ళీ ఎత్తాలి. ముందు కుట్టు మూసి ఉండగానే ఒకసారి నొక్కి, ఆ తర్వాత మార్జిన్‌ను ముదురు రంగు వైపు పడుకోబెట్టాలి. ఇటుక మార్జిన్‌ను మీగడ వైపు పడుకోబెట్టిన చోట గులాబీ నీడ కనిపించింది, తిరగేశాక పోయింది.

పొరల భాగం చివరికి 36 3/8 వచ్చింది. గ్రానైటు కలిపాక పై పొర మొత్తం పొడవు 60 3/8.

ఖర్చు: దారం కోన్లు రెండు రూ. 80, సూదులు రూ. 60. ఇప్పటిదాకా రూ. 2,240.

దశ 5: నడి పొర

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. చలి దేశాల వాళ్ళు నడి పొరకు వాడే కాటన్ బ్యాటింగ్ (దూది పొర) ఇక్కడి అంగళ్ళలో దొరకలేదు. దొరికినా మన వేడికి అంత మెత్త ఎవరు కప్పుకుంటారు? నాలుగు రకాలతో 12 × 12 నమూనాలు కుట్టి, ఉతికి, వంటింటి తక్కెడలో తూచా.

ఫైబర్ షీటు, 31 గ్రాములు. పిల్లల పడకల్లో వాడతారు. తేలిక, పొంగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఒళ్ళో పావుగంట పెట్టుకుంటే చెమట. కుట్టేటప్పుడు గుడ్డ దాని మీద జారుతుంది.

పరుపుల అంగట్లో ఏకిన దూది, 42 గ్రాములు. కుట్టు గీతల మధ్య 4 అంగుళాలు వదిలా. ఒక్క ఉతుకుకే దూదంతా ఒక మూలకు చేరి ఉండలు కట్టింది. దూదిని నిలబెట్టాలంటే గీతలు అంగుళానికొకటి పడాలి.

పాత వాయిల్ చీర నాలుగు మడతలు, 51 గ్రాములు. మన బొంతల పద్ధతి ఇదే. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంది అనే బొంతలోనూ దూది ఉండదు. మూల నుంచి మొదలుపెట్టి, పాత బట్ట ముక్కలు మడిచి పెట్టుకుంటూ, చేత్తో చుట్టూ తిరుగుతూ నడుమకు వస్తారు. చేతి కుట్టులో పొరలు వదులుగా ఉంటాయి కాబట్టి అది ఒంటికి హాయి. అదే మిషను మీద కుడితే నమూనా పుత్తూరు కట్టు కట్టినట్టు బిగుసుకుపోయింది.

పల్చటి నేత కాటన్ దుప్పటి, 44 గ్రాములు. చదునుగా ఉంది, జారలేదు. నేసిన గుడ్డ కాబట్టి ఉండ కట్టే ప్రశ్నే లేదు, గీతలు 3 అంగుళాల ఎడంలో వేసినా నిలిచింది. పొంగు మాత్రం రాదు. పొంగు కావాలనుకునేవాళ్ళకు ఇది నచ్చకపోవచ్చు. తిరుపతిలో ఏసీ గదికి, లేదా డిసెంబరు తెల్లవారుజాముకు నాకు ఇదే చాలు.

48 × 60 అంటే 20 చదరపు అడుగులు. దుప్పటితో మొత్తం బరువు 880 గ్రాములు, చీర పొరలతో అయితే 1,020, ఫైబర్‌తో 620.

కొత్త దుప్పటిని ఉతక్కుండా వాడకండి. 60 × 90 అని రాసి ఉన్నది రెండు ఉతుకుల తర్వాత 57 × 85 అయింది. ఆ ముడుచుకోవడం లోపల జరిగి ఉంటే పై పొరంతా ముడతలు తేలేది.

ఖర్చు: ఫైబర్ షీటు రూ. 90, దుప్పటి రూ. 420. ఇప్పటిదాకా రూ. 2,750.

దశ 6: పిన్నీసులు

1. అడుగు గుడ్డ 56 × 68, తిరగేసి నేల మీద పరిచి అంచులు టేపుతో అంటించాలి. తాళ్ళు కట్టినట్టు లాగకూడదు, ముడత పోతే చాలు.
2. దాని మీద దుప్పటి, 54 × 66.
3. ఆపైన ముక్కల పొర, నడుమ గుర్తు చూసుకుని.
4. నడుమ నుంచి అంచులకు, బెత్తెడుకొక పిన్నీసు.

ఈ నాలుగో అంకెను ముందు అంచు నుంచే మొదలుపెట్టా. పుత్తూరు నుంచి వచ్చిన మా అవ్వ కుర్చీలో కూర్చుని చూస్తా ఉండి, "ఏం మే, ఆ కొస నుంచి పెట్టుకొస్తే మడతంతా ఈ కొసకు పోగవదా? నడుమ నుంచి రా. బొంతైనా అంతే గదా," అనింది. పీకేసి నడుమ నుంచి పెట్టా. ఆమె కుట్టిన బొంతల్లో ముందుగా వేసే పొడవాటి ముతక కుట్లు కూడా నడుమ నుంచే నాలుగు దిక్కులకూ పోయి ఉంటాయి.

ఖర్చు: పిన్నీసులు రూ. 90. ఇప్పటిదాకా రూ. 2,840.

దశ 7: క్విల్టింగ్ కుట్టు

మామూలు ఫుట్‌తో మొదటి గీత వేయగానే పై పొర వెనకబడి ఫుట్ ముందు పోగుపడి, చివర్లో వేలెడు మడత తేలింది. కారణం దశ 4లో చెప్పిందే: పళ్ళు కింది పొరను లాగుతాయి, పైదాన్ని ఎవరూ లాగరు. రెండు పొరల్లో దాగేది మూడు పొరల్లో దాగలేదు. ఫుట్ ఒత్తిడి తగ్గిస్తే మడత చిన్నదైంది గానీ పోలేదు.

వాకింగ్ ఫుట్ కొన్నాక పోయింది. దానికి పైన కూడా పళ్ళుంటాయి. పక్కనున్న చిన్న చెయ్యి సూది బిగించే మర మీద కూర్చుంటుంది, సూది పైకీ కిందికీ పోయినప్పుడల్లా ఆ పళ్ళు పై గుడ్డను ముందుకు నడిపిస్తాయి. కొనేముందు మీ మిషను షాంక్ (ఫుట్ బిగించే చోటు) ఎత్తు చూసుకోండి. ఇంటి మిషన్లలో ఎక్కువ భాగం లో షాంకే, అంటే తక్కువ ఎత్తుదే. ఆ చిన్న చెయ్యి మర మీద సరిగ్గా కూర్చోకపోతే ఫుట్ టకటకమంటుంది, గుడ్డ కదలదు.

మొదట పై పొరలకు అడ్డ గీతలు, గ్రానైటుకు నిలువు గీతలు అనుకున్నా. నిలువు గీతలన్నీ రెండు రాళ్ళు కలిసే చోట ఆగాలి. ఆగిన ప్రతి చోటా దారాల కొసలు ముడేసి, సూదితో పొరల మధ్యకు పంపాలి. మూడు గీతలకే విసుగొచ్చింది, విప్పేశా. గ్రానైటుకూ అడ్డ గీతలే, కాకపోతే ఎడంగా. పై భాగంలో 1.5 అంగుళానికి ఒకటి, కింది భాగంలో 3 అంగుళాలకు ఒకటి. ఒక అంచు నుంచి ఇంకో అంచుకు పోతాయి కాబట్టి కొసలన్నీ అంచు పట్టీలో కలిసిపోతాయి. చూపుకు కూడా ఇదే మేలు: పైన నొక్కుకుపోయిన పొరలు, కింద తెరిపి.

31 గీతలు × 48 అంగుళాలు = 1,488 అంగుళాలు, సుమారు 37.8 మీటర్ల కుట్టు.

క్రమం:

1. రెండు రాళ్ళు కలిసే గీత ముందు. అక్కడి నుంచి పైకి ఒక్కొక్కటే, అంచు వరకు.
2. క్విల్ట్‌ను తిప్పి, అదే గీత నుంచి కింది సగం.
3. ఒక సగంలో గీతలన్నీ ఒకే దిక్కున మొదలవ్వాలి.

మూడోది పట్టీలు కలిపేటప్పటి సూత్రానికి పూర్తిగా ఎదురు. అక్కడ దిక్కు మార్చకపోతే వంగింది, ఇక్కడ మారిస్తే మెలిక పడింది. ముందే కుట్టి ఉన్న గీతకూ కొత్త గీతకూ మధ్య గుడ్డ ఇరుక్కుని ఉంటుంది కాబట్టి, ఎదురు దిక్కున లాగితే ఐమూలగా ముడతలు వస్తాయి. అలా వచ్చిన రెండు గీతలు విప్పి మళ్ళీ కుట్టా.

బరువు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. 880 గ్రాములే అయినా బల్ల అంచు నుంచి వేలాడితే కుట్లు చిన్నవై ఒకచోట గుమికూడతాయి. భోజనాల బల్లను మిషనుకు ఎడమ పక్కకు జరిపా, వెనక గోడకు ఇంకో బల్ల వేశా. సూదికీ మిషను ఒంటికీ మధ్య ఉన్న ఖాళీలోంచి సగం క్విల్ట్ చాప చుట్టలా దూరాలి. చుట్ట వదులైతే మిషను చక్రానికి తగులుతుంది.

అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా తేలితే అందరూ బాబిన్ (కింది దారం కండె) మర తిప్పుతారు. నాకు తేడా పైన ఉంది. ఫుట్ దించి దారం ఎక్కించడం వల్ల అది టెన్షన్ పళ్ళేల మధ్యకు పోలేదు. ఫుట్ ఎత్తి మళ్ళీ ఎక్కిస్తే సరిపోయింది. కుట్టు పొడవు 3కి పెంచా. ప్రతి గీత ముందు బాబిన్ చూసుకోండి. గీత మధ్యలో దారం అయిపోతే ఆ అతుకు బూడిద రంగు మీద దాచడం కష్టం.

ఖర్చు: వాకింగ్ ఫుట్ రూ. 650, దారం రూ. 80. ఇప్పటిదాకా రూ. 3,570.

దశ 8: అంచు

అంచులు సరిచేసి కోశాక కొలత 47 3/4 × 59 5/8. చుట్టుకొలత 215 అంగుళాలకు కొంచెం తక్కువ, మూలలకూ ముడికీ 12 కలిపితే 227. బూడిద వార నుంచి 2 1/4 అంగుళాల పట్టీలు నాలుగు, ఒక్కోటి 75 అంగుళాలు. 2 1/2 చొప్పున కోసుంటే 10 అంగుళాల వార అణువు మిగలకుండా అయిపోయేది, అందుకని తగ్గించా. ఐమూలగా అతికి, పొడవునా రెండుగా మడిచి ఇస్త్రీ చేయాలి.

మూల తిరగడం:

1. మూలకు పావు అంగుళం ముందే ఆపి, దారం తెంపాలి.
2. పట్టీని పైకి మడవాలి, 45 డిగ్రీల మడత పడుతుంది.
3. అదే పట్టీని పై అంచుకు సమంగా కిందికి మడవాలి.
4. ఆ మడత అంచు నుంచే కొత్త వైపు కుట్టాలి.

పావు అంగుళం వదలకుండా కొసదాకా కుట్టిన మొదటి మూల గుండ్రంగా తిరిగింది. మిగతా మూడూ వాడిగా వచ్చాయి. వెనక వైపు చేత్తో హెమ్మింగ్. ఫాల్స్ కుట్టేవాళ్ళకు కొత్తగా నేర్చుకునేదేమీ లేదు, అదే కుట్టు.

ఉతికాక

చల్ల నీళ్ళలో, ఒక తెల్ల కర్చీఫు తోడు వేసి ఉతికా. కర్చీఫు తెల్లగానే వచ్చింది. ఇటుక పక్కన మీగడ పట్టీ మీద మాత్రం ఒకచోట లేత గులాబీ మరక. ఆరనివ్వకుండా వెంటనే ఇంకోసారి ఉతికితే చాలావరకు పోయింది, అంచు దగ్గర కొంచెం మిగిలింది. ఆరాక కొలత 46 7/8 × 58 1/4. గీతల మధ్య గుడ్డ కొద్దిగా ముడుచుకుని పై భాగానికి గరుకుదనం వచ్చింది, రాయికి అది నప్పింది.

మొత్తం రూ. 3,570. ఇందులో కట్టర్, చాప, స్కేలు, వాకింగ్ ఫుట్ కలిపి రూ. 2,230. అవి మళ్ళీ వాడేవే. ఈ ఒక్క క్విల్ట్‌కు అయింది రూ. 1,340.

మిగిలినవి: 20 అంగుళాల పొడవు పట్టీలు 18, మూడు వెడల్పుల్లో. 16 అంగుళాల దిండు గలీబుకు ఎన్ని పడతాయో లెక్క వేస్తున్నా. పెళ్ళిళ్ళ జాకెట్ల పని వచ్చి మిషను ప్లేటు మీద గట్టు పీకేశాను కాబట్టి, మొదలుపెట్టే ముందు మూడు పట్టీల పరీక్ష మళ్ళీ చేసుకోవాలి.